వేగం ల్యాబ్ బల్ల దాకా రావాలి

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి నాలుగు టెరాబైట్ల హార్డ్‌డిస్క్ ఒకటి కొరియర్‌లో పంపారనుకుందాం. రెండు రోజుల్లో చేరింది. లెక్క వేస్తే ఆ పార్శిల్ సెకనుకు 185 మెగాబిట్ల చొప్పున డేటా మోసినట్టు. అదే డేటాను 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) లైన్ మీద పంపితే, ఆ లైన్‌ను ఇంకెవరూ ముట్టుకోకపోయినా, మూడున్నర రోజులు దాటుతుంది. అంటే అలాంటి లైన్ ఉన్న సంస్థకు కొరియర్ బస్తాయే వేగమైన నెట్‌వర్క్.

పెద్ద పరిశోధనల్లోనూ ఈ పరిస్థితి ఉంది. 2019 ఏప్రిల్‌లో ప్రపంచం చూసిన కృష్ణబిలం తొలి చిత్రం కోసం 2017లో ఎనిమిది టెలిస్కోపులు సేకరించిన డేటాను డిస్కుల్లో నింపి విమానాల్లో తరలించారు. దక్షిణ ధ్రువం దగ్గరి టెలిస్కోపు డిస్కులైతే అక్కడి చలికాలం గడిచి విమానాలు తిరిగే దాకా ఆగాల్సి వచ్చింది. డేటా పుట్టిన చోటు ఒకటి, దాన్ని నమిలి అర్థం చేసుకునే కంప్యూటర్లు ఉన్న చోటు మరొకటి. ఈ రెంటి మధ్య దూరాన్ని చెరిపేయడానికే పరిశోధన, విద్యా సంస్థల కోసం ప్రత్యేకంగా ఫైబర్ నెట్‌వర్కులు పుట్టాయి. మన దేశంలో ఆ పని చేస్తున్నది నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్. అందరూ ఎన్‌కేఎన్ అంటారు.

దీనికి ముందు మెట్టు ఎర్నెట్. 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలైంది. అప్పట్లో అందులో ఉన్నవి ఎనిమిది సంస్థలే: ఐదు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, ముంబయిలోని సాఫ్ట్‌వేర్ పరిశోధన కేంద్రం ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ. ఢిల్లీ, ముంబయిల మధ్య తొలి రోజుల్లో నడిచింది 9.6 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) లీజు లైన్. ఒక టెరాబైట్ ఆ లైన్ మీద పంపాలంటే 26 ఏళ్లు పడుతుంది. ఈ అంకెను చూసి ఆ తరాన్ని తక్కువ చేయకూడదు. దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. దానికి చాలా ముందే ఈమెయిల్ అంటే ఏమిటో చూపించింది ఆ సన్నటి లైనే.

శామ్ పిట్రోడా అధ్యక్షతన 2005లో ఏర్పడిన జాతీయ విజ్ఞాన కమిషన్ దేశంలోని విజ్ఞాన సంస్థలన్నిటినీ గిగాబిట్ వేగంతో కలపాలని సిఫారసు చేసింది. అప్పటి ప్రధాన శాస్త్ర సలహాదారు ఆర్. చిదంబరం సారథ్యంలోని కమిటీ దానికి రూపం ఇచ్చింది. 2009 ఏప్రిల్‌లో తొలి దశ ప్రారంభమైంది. 2010 మార్చిలో కేంద్రం 5,990 కోట్ల రూపాయలు, పదేళ్ల గడువు, 1,500 సంస్థలు అనే లక్ష్యంతో ఆమోదం తెలిపింది. అమలు బాధ్యత కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీది. హైదరాబాద్ ఊళ్లను కలిపే పెద్ద లింకుల వెన్నెముకలోని ప్రధాన కేంద్రాల్లో ఒకటి.

ఎన్‌కేఎన్ కోసం దేశమంతా కొత్తగా కందకాలు తవ్వలేదు. బీఎస్ఎన్ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ వేసిన ఫైబర్ మీదే లింకులు తీసుకున్నారు. రైల్‌టెల్ ఫైబర్ పట్టాల పక్కనే భూమిలో పోతుంది. పవర్‌గ్రిడ్‌ది ఇంకా ఆసక్తికరం. హైటెన్షన్ టవర్ల మీద అన్నిటికన్నా పైన, పిడుగు పడితే తన మీద వేసుకోవడానికి ఒక ఎర్త్ వైర్ లాగుతారు. ఆ లోహపు తీగ కడుపులోనే గాజు పోగులు పెట్టి ఉంటాయి. పొలాల మీదుగా పోయే టవర్ లైన్ కరెంటుతో పాటు డేటానూ మోస్తోందని కింద దుక్కి దున్నే రైతుకు తెలియాల్సిన పని లేదు కానీ, ఈ ఏర్పాటుకు ఒక పెద్ద లాభం ఉంది. రోడ్డు వెడల్పు పనులకు వచ్చిన జేసీబీ దాన్ని తెంపలేదు.

భూమిలో ఉన్న ఫైబర్‌కు ఆ భరోసా లేదు. కేబుల్ తెగిందంటే మొదట ఓటీడీఆర్ అనే పరికరంతో కాంతి పల్స్ పంపి, తిరిగొచ్చే ప్రతిఫలనాన్ని బట్టి ఎన్ని కిలోమీటర్ల దగ్గర తెగిందో చూస్తారు. ఆ చోటికి వ్యాన్ వెళ్తుంది. తెగిన కొసలను పైకి లాగి, పైపొర ఒలిచి, పోగును స్పిరిట్‌తో తుడిచి, కొసను పోగుకు సరిగ్గా అడ్డంగా కోసి, స్ప్లైసింగ్ మెషీన్‌లో ఎదురెదురుగా పెడతారు. పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో కాంతి నడిచే మధ్యభాగం తొమ్మిది మైక్రాన్లే. మెషీన్ తెర మీద రెండు కొసలూ ఒక గీతలోకి వచ్చాక చిన్న మెరుపు మెరుస్తుంది, గాజు కరిగి అతుకుతుంది. ఇలా కేబుల్‌లో ఎన్ని పోగులుంటే అన్ని సార్లు. గంటల పని. అందుకే వెన్నెముక లింకులను ఒకే దారిలో వేయకుండా రింగులుగా, వలలా అల్లుతారు. ఒక పక్క తెగితే ట్రాఫిక్ ఇంకో పక్క నుంచి తిరిగి వస్తుంది. అయితే రెండు దారులూ కాగితం మీద వేరుగా ఉండి, నేల మీద ఒకే కల్వర్టు కింద నుంచి పోతుంటే ఆ రింగు రింగే కాదు. నెట్‌వర్క్ నాణ్యతను మ్యాపు చూసి నమ్మలేకపోవడానికి ఇదొక కారణం.

ఇక కెపాసిటీ. పోగు అదే ఉంటుంది, రెండు చివర్లలో పరికరాలు మారతాయి. 1,550 నానోమీటర్ల ప్రాంతంలో కాంతి గాజులో అతి తక్కువగా నశిస్తుంది: కిలోమీటరుకు 0.2 డెసిబెల్ మేర. ఇంత తక్కువైనా 50 కిలోమీటర్లు వెళ్లేసరికి పదో వంతే మిగులుతుంది, 100 కిలోమీటర్లకు నూరో వంతు. అందుకని 80 కిలోమీటర్లకో, కాస్త అటూ ఇటుగానో ఒక ఆంప్లిఫయర్ పెడతారు. ఎర్బియం కలిపిన ఫైబర్ ముక్క కాంతిని కరెంటు సంకేతంగా మార్చకుండానే, కాంతిగానే పెంచుతుంది. 1980ల చివర వచ్చిన ఈ ఒక్క పరికరంతో దారంతా తేలికైంది. ఎందుకంటే అది ఒక రంగును కాకుండా ఆ తరంగదైర్ఘ్యాల పట్టీలోని రంగులన్నిటినీ ఒకేసారి పెంచుతుంది. ఒకే పోగులో 80 వేర్వేరు తరంగదైర్ఘ్యాలు పంపి, ఒక్కోదాని మీద 100 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) ఎక్కిస్తే మొత్తం ఎనిమిది టెరాబిట్లు. దీన్నే డీడబ్ల్యూడీఎం అంటారు. కొత్త పోగు వేయకుండానే కొత్త రంగు వెలిగించి కెపాసిటీ పెంచుకోవచ్చు.

అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాలలను కలిపే ఈఎస్‌నెట్ ఈ అవకాశాన్ని పూర్తిగా వాడుకుంది. దాదాపు 24,000 కిలోమీటర్ల ఫైబర్‌ను తన చేతిలోకి తీసుకుని, సొంత పరికరాలతో వెలిగించుకుంది. 2022లో వచ్చిన దాని ఆరో తరం నెట్‌వర్క్ మొత్తం సామర్థ్యం 46 టెరాబిట్లు. టెలికాం సంస్థ దగ్గర లింకులు కొనే నెట్‌వర్క్‌కూ, వెలిగించని ఫైబర్‌ను తీసుకుని తానే వెలిగించుకునే నెట్‌వర్క్‌కూ పదేళ్లలో చాలా తేడా వస్తుంది. మొదటిది ప్రతి అప్‌గ్రేడ్‌కూ మళ్లీ టెండర్ పిలవాలి, రెండోది కార్డు మారిస్తే సరిపోతుంది. మన దగ్గర ఈ లింకుల ఫైబర్ ప్రభుత్వ రంగ సంస్థలదే కాబట్టి ఈ రెండో దారి మనకూ కష్టమేమీ కాదు.

ఇంత వెడల్పు దారి ఎప్పుడు చూసినా సగం ఖాళీగా కనిపిస్తే డబ్బు వృథా అయినట్టు అనిపిస్తుంది. ఆడిట్ చేసేవాళ్లకు మరీ. నిజానికి పరిశోధన నెట్‌వర్క్‌కు ఖాళీయే ప్రాణం. మామూలు ఇంటర్నెట్‌లో లక్షల మంది చిన్న చిన్న ముక్కలు అడుగుతుంటారు. ఒక పేజీ, ఒక రీల్, ఒక యూపీఐ చెల్లింపు. అన్నీ కలిపితే ట్రాఫిక్ నదిలా సమంగా ఉంటుంది, దాన్ని బట్టి పైపు సైజు లెక్క వేయొచ్చు. పరిశోధన ట్రాఫిక్ చీమల బారులోకి ఏనుగు వచ్చినట్టు వస్తుంది. మూడు రోజులు ఏమీ ఉండదు, నాలుగో రోజు ఒకే జత కంప్యూటర్ల మధ్య గంటల తరబడి అనేక గిగాబిట్లు. ఆ ఏనుగుకు దారి ఇవ్వాలంటే దారి ముందే ఖాళీగా ఉండాలి. పైగా అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ సమానంగా ఉండాలి. పరిశోధన సంస్థ డేటా తెచ్చుకునేదే కాదు, డేటా పుట్టించేది కూడా.

ఇలాంటి ఏనుగు ఎలా ఉంటుందో జీనోమ్ ఇండియా ప్రాజెక్టును చూస్తే తెలుస్తుంది. దేశంలోని వివిధ జనసమూహాల నుంచి 10,000 మంది జన్యుక్రమాలు చదివారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అందులో ఒక ముఖ్య భాగస్వామి. డేటా చేరాల్సింది ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌కు. ఒక మనిషి జన్యుక్రమాన్ని 30 రెట్లు లోతుగా చదివితే ముడి డేటా సుమారు 100 గిగాబైట్లు. ఆ లెక్కన పదివేల మందిది ఒక పెటాబైట్. దాన్ని 1 జీబీపీఎస్ లైన్ మీద పంపితే 92 రోజులు, 100 జీబీపీఎస్ మీద 22 గంటలు. ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్, కోల్‌కతాలోని వీఈసీసీల పరిస్థితి ఇంకాస్త కఠినం. జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో జరిగే సీఎంఎస్, అలీస్ ప్రయోగాల డేటాను ఈ రెండూ టైర్-2 (రెండో అంచె) కేంద్రాలుగా అందుకుని విశ్లేషిస్తాయి. అక్కడ నెట్‌వర్క్ అంటే ప్రయోగంలో భాగమే. లింక్ ఆగితే పని ఆగినట్టే.

ఇప్పటిదాకా చెప్పిందంతా వెన్నెముక సంగతి. అసలు చిక్కు వెన్నెముకలో తక్కువ, కొసల్లో ఎక్కువ. అది అర్థం కావాలంటే కాస్త లెక్క చూడాలి.

గాజులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఫైబర్ దారి 1,600 కిలోమీటర్లు అనుకుంటే పోవడానికి ఎనిమిది మిల్లీసెకన్లు, వచ్చి పోవడానికి పదహారు. డేటా పంపే కంప్యూటర్ కొంత పంపి, అవతలి నుంచి 'అందింది' అనే జవాబు కోసం చూస్తుంది. జవాబు రాకముందు ఎంత పంపవచ్చు అనేదానికి ఒక హద్దు ఉంటుంది, దాన్ని విండో అంటారు. పాత సెట్టింగుల్లో ఆ హద్దు 64 కిలోబైట్లు. పదహారు మిల్లీసెకన్లకు 64 కిలోబైట్లు అంటే ఎంత వేగం? 33 ఎంబీపీఎస్. దారి 10 జీబీపీఎస్‌ది అయినా అంతే. దారిని నిండుగా వాడాలంటే 20 మెగాబైట్లు ఎప్పుడూ దారిలో ఉండాలి. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ హద్దును తామే పెంచుకుంటాయి కానీ, అనేక సర్వర్లలో గరిష్ఠ పరిమితి ఇంకా చిన్నదిగానే పెట్టి ఉంటుంది. ఫైళ్లు పంపే పాత టూల్స్ కొన్నిటికి సొంత హద్దులు కూడా ఉంటాయి. వేల కోట్ల నెట్‌వర్క్‌ను ఒక సెట్టింగ్ ఫైల్‌లోని ఒక్క లైన్ ఆపేయగలదు.

రెండో శత్రువు ప్యాకెట్ నష్టం. డేటా చిన్న చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది, వాటిలో కొన్ని దారిలో జారిపోవడమే ఈ నష్టం. ఈఎస్‌నెట్ ఇంజినీర్లు ఒక ఉదాహరణ రికార్డు చేశారు. వాళ్ల రౌటర్‌లో చెడిపోతున్న 10 జీబీపీఎస్ కార్డు ఒకటి ప్రతి 22,000 ప్యాకెట్లకు ఒకటి చొప్పున జారవిడిచింది. శాతంలో 0.0045. ఆ పరికరం దగ్గర చూస్తే పోయేది సెకనుకు 450 కిలోబిట్లే, ఎవరి కంటికీ ఆనదు. కానీ పంపే వేగాన్ని నియంత్రించే టీసీపీ అనే పద్ధతి, ఒక ప్యాకెట్ పోగానే దారి కిక్కిరిసిందనుకుని వేగం సగానికి తగ్గించి, మళ్లీ నెమ్మదిగా పెంచుకుంటూ వస్తుంది. ఎంత నెమ్మదిగా అనేది దూరాన్ని బట్టి. పాత తరహా టీసీపీ సూత్రంతో ఇంతే నష్టానికి లెక్క వేస్తే, ఒకే ఊళ్లో ఒక మిల్లీసెకను దూరంలో ఉన్న యంత్రంతో 2 జీబీపీఎస్ దాకా వస్తుంది. హైదరాబాద్–ఢిల్లీ అయితే 130 ఎంబీపీఎస్. జెనీవాకు 150 మిల్లీసెకన్లు అనుకుంటే 14 ఎంబీపీఎస్. అదే కార్డు, అదే నష్టం. కొత్త అల్గారిదమ్‌లు ఈ దెబ్బను తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయలేవు. క్యాంపస్ లోపల పరీక్షిస్తే అంతా బాగుందని, దూరానికి పంపితే నత్తనడక అని నెట్‌వర్క్ చూసేవాళ్లూ, పరిశోధకులూ వాదించుకోవడం వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఈ నష్టం ఎక్కువగా పుట్టేది క్యాంపస్ గేటు దగ్గర. అక్కడ వచ్చే పోయే డేటాను తనిఖీ చేసే ఫైర్‌వాల్ ఉంటుంది. ఫైర్‌వాల్‌ను వేల మంది విద్యార్థుల బ్రౌజింగ్‌ను దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. లోపల అనేక చిన్న ప్రాసెసర్లు పనిని పంచుకుంటాయి. చిన్న ప్రవాహాలు ఎన్ని వచ్చినా తట్టుకుంటుంది. ఒకే పెద్ద ప్రవాహం ఒకే ప్రాసెసర్ మీద పడితే దాని బఫర్ నిండి ప్యాకెట్లు కారిపోతాయి. హాస్టళ్ల ట్రాఫిక్, ఆఫీసు బిల్లులు, ల్యాబ్ డేటా అన్నిటినీ ఒకే గుమ్మం గుండా పంపడమే తప్పు. దీనికి ఈఎస్‌నెట్ చూపిన పరిష్కారం సైన్స్ డీఎంజెడ్. క్యాంపస్ అంచులో, ఫైర్‌వాల్‌కు బయట, పెద్ద డేటా కోసమే ఒక ప్రత్యేక భాగం. అందులో ఫైళ్లు పంపే పని తప్ప ఇంకేమీ చేయని సర్వర్ ఒకటి. మెయిల్ లేదు, బ్రౌజర్ లేదు. ఏ సంస్థల నుంచి కనెక్షన్ రావచ్చో రౌటర్‌లోనే జాబితా. ఫైర్‌వాల్ లేకపోతే భద్రత ఏమైపోతుందన్న భయం సహజం. కానీ చేసే పని ఒక్కటే, పరిచయస్తులు కొద్దిమందే అయిన యంత్రానికి కాపలా కాయడం తేలిక. దాని పక్కనే పెర్ఫ్‌సోనార్ అనే కొలత యంత్రం ఒకటి. అది రాత్రింబగళ్లు దూరపు సంస్థల్లోని తోటి యంత్రాలకు పరీక్ష ప్యాకెట్లు పంపుతూ, ఎక్కడ ఒకటి జారినా గ్రాఫులో చూపిస్తుంది.

ఇదంతా చేయడానికి అయ్యే ఖర్చు వెన్నెముక ఖర్చు ముందు లెక్కలోకి రాదు. కావాల్సింది మనుషులు. చాలా విశ్వవిద్యాలయాల్లో నెట్‌వర్క్ చూసే ఒకరిద్దరు ఉద్యోగులే వైఫై పాస్‌వర్డులు, ప్రింటర్లు, పరీక్షల సెక్షన్ కంప్యూటర్లు అన్నీ చూస్తుంటారు. ల్యాబ్ డేటా గురించి ఆలోచించే తీరిక వాళ్లకు ఎవరిస్తారు? 5,990 కోట్ల ప్రణాళికకు దొరికిన శ్రద్ధలో పిసరంత ఈ ఉద్యోగాలకు దొరికినా ఫలితం వేరుగా ఉండేది.

కొసల అసమానత సంస్థల మధ్య కూడా ఉంది. విద్యాసంస్థల అనుసంధానం కోసం కేంద్రం తెచ్చిన జాతీయ ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత) విద్యా మిషన్‌ను 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో ప్రారంభించారు. దాని కింద అప్పట్లో విశ్వవిద్యాలయానికి 1 జీబీపీఎస్, కాలేజీకి 512 కేబీపీఎస్ కనెక్షన్లు ఇరవై, అంటే మొత్తం 10 ఎంబీపీఎస్. వంద రెట్ల తేడా. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 838 టెరాఫ్లాప్‌ల పరమ్ సేవా సూపర్ కంప్యూటర్ ఉంది (టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు). జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ ఇలాంటి యంత్రాలను ఎన్‌కేఎన్ మీదుగా దేశమంతటికీ అందుబాటులోకి తేవాలన్నది ఆలోచన. దూరం నుంచి లాగిన్ అయి ప్రోగ్రామ్ నడపడానికి చిన్న లైనైనా చాలు. అది ఇచ్చిన 100 గిగాబైట్ల ఫలితాన్ని 10 ఎంబీపీఎస్ మీద దించుకోవాలంటే 22 గంటలు, మధ్యలో కరెంటు పోకపోతే. జిల్లా కాలేజీలో పీహెచ్‌డీ చేసే అమ్మాయి అర్ధరాత్రి డౌన్‌లోడ్ పెట్టి పొద్దున్నే టెన్షన్‌గా వచ్చి చూసుకోవాల్సిన పరిస్థితి అలా పుడుతుంది. సూపర్ కంప్యూటర్ తెలంగాణలోనే ఉన్నా ఆమెకు దూరమే.

పరిశోధకులు తమ వంతుగా చేయగలిగిన పని ఒకటుంది. 'నెట్ స్లోగా ఉంది' అన్న ఫిర్యాదు ఎక్కడికీ కదలదు. ఎవరికి వారు తమ దగ్గర బాగానే ఉందంటారు. ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను ల్యాబ్ కంప్యూటర్‌లోనే పెట్టి, మొదట క్యాంపస్ సర్వర్‌తో, తర్వాత ఢిల్లీలోనో ముంబయిలోనో ఉన్న భాగస్వామి సర్వర్‌తో పరీక్ష నడపాలి. 1 జీబీపీఎస్ పోర్టు మీద క్యాంపస్ లోపల 940 ఎంబీపీఎస్ దాకా వచ్చి, ఢిల్లీకి 130 దగ్గర ఆగితే మధ్యలో ఎక్కడో ప్యాకెట్లు జారుతున్నట్టో, విండో చిన్నదై పోయినట్టో. క్యాంపస్ లోపలే 94 దగ్గర ఆగితే గోడ వెనక ఎక్కడో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఇంకా ఉన్నట్టు. ఏ తేదీ, ఏ సమయం, ఏ రెండు యంత్రాల మధ్య, ఎంత వచ్చింది అని రాసి నెట్‌వర్క్ నిర్వహణ కేంద్రానికి (ఎన్ఓసీ) పంపితే, అవతలి ఇంజినీరు ఏ పరికరం దగ్గర మొదలుపెట్టాలో తెలుసుకుని పనిలోకి దిగుతాడు.